టైటిల్స్‌లో ఆఖరి పేరు

సినిమా మొదట్లో పడే పేర్లలో దర్శకుడి పేరు ఆఖరున వస్తుంది. హీరో పేరుకు ఈలలు, ఎగరేసిన కాగితం ముక్కలు. ఆఖరి పేరు పడేసరికి హాలు సద్దుమణిగి కథలోకి వెళ్లడానికి సిద్ధమవుతుంది. ఇది చూసి మన సినిమా గురించి రాసేవాళ్లలో చాలామంది ఒక తీర్మానానికి వచ్చేశారు. తెలుగు ప్రేక్షకుడికి హీరో తప్ప ఇంకెవరూ పట్టరని, దర్శకుల గురించి మాట్లాడుకోవడం రాజమౌళి వచ్చాకనో, మహా అయితే ‘శివ’ తరువాతనో మొదలైందని అంటారు. ఈ మాట చరిత్రకు నిలవదు. తెలుగువాళ్లు సినిమాకు ముందు నుంచే తెలిసిన కథను ఎవరు ఎలా చెప్పారో పోల్చి చూసే అలవాటున్న జనం. ఒకే రామాయణాన్ని రంగనాథ రామాయణంగా, భాస్కర రామాయణంగా, మొల్ల రామాయణంగా చదువుకున్నారు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలను ఊరికో బృందం ఆడితే, పోయినేడు ఆడినవాళ్లకూ ఈ యేడు ఆడినవాళ్లకూ తేడా తెల్లవారేదాకా చెప్పుకున్నారు. ఆ పోల్చి చూసే అలవాటే సినిమా హాల్లోకీ వచ్చింది. దర్శకుడు కనబడింది దానివల్లనే. పైగా దర్శకుల గురించిన కబుర్లు ఊసుపోక చెప్పుకున్నవి మాత్రమే కావు. చాలాకాలం సినిమా బడి లేని గడ్డ మీద అవే బడిగా పనిచేశాయి.

హెచ్.ఎం. రెడ్డి తీసిన ‘భక్త ప్రహ్లాద’ 1932లో వచ్చినప్పుడు జనం చూసింది మాట్లాడే బొమ్మను. ఆ తరువాత రెండు మూడేళ్లూ అంతే. తెర మీదికి ఎక్కినవి నాటకాలే కాబట్టి పద్యాలు ఎవరు ఎలా పాడారన్న దాని చుట్టూనే జనం మాటలూ తిరిగేవి. 1936లో ఒక విచిత్రం జరిగింది. ద్రౌపది కథనే తీసుకుని రెండు కంపెనీలు పోటాపోటీగా రెండు సినిమాలు తీశాయి. ‘ద్రౌపదీ మానసంరక్షణం’లో దుర్యోధనుడు బళ్లారి రాఘవ. ఆంధ్ర నాటక రంగం మీద అంతకు మించిన పేరు ఆనాడు లేదు. రెండోది హెచ్.వి. బాబు దర్శకత్వంలో వచ్చిన ‘ద్రౌపదీ వస్త్రాపహరణం’. జనం రెండోదానికే మొగ్గారు. రాఘవ అంతటి నటుడుండీ మొదటిది ఎందుకు నిలవలేదన్న ప్రశ్నకు నటన అనే ఒక్క మాటతో జవాబు దొరకదు. కథ ఒక్కటే, పాత్రలు ఒక్కటే, సభ ఒక్కటే. తేడా ఎక్కడో చెప్పాలంటే, ఆ కథను తెర మీద నడిపించినవాడెవరో వెతుక్కోక తప్పదు. తెలుగు ప్రేక్షకుడికి దర్శకుడు ఎదురైన మొదటి సందర్భాల్లో ఇదొకటని నా నమ్మకం.

ఆ రోజుల్లోనే బందరులో ముట్నూరి కృష్ణారావు గారి కృష్ణా పత్రికలో ఒక కుర్రవాడు సినిమా సమీక్షలు రాసేవాడు. పేరు కమలాకర కామేశ్వరరావు. స్వాతంత్ర్య ఉద్యమానికి గొంతునిచ్చిన పత్రిక సినిమాకు చోటివ్వడమే ఒక విశేషం. ఆ రాతలు రాసిన మనిషి మద్రాసు వెళ్లి, సహాయకుడిగా ఏళ్లకేళ్లు పనిచేసి, చివరికి ‘పాండురంగ మహాత్మ్యం’, ‘నర్తనశాల’ తీయడం అంతకన్నా పెద్ద విశేషం. సినిమాలు చూసి, తప్పొప్పులు ఎంచి, పదిమందితో వాదించి, ఆ వాదనలోనే పని నేర్చుకున్నాడు. ఈ దారిలో నడిచినవాళ్లలో ఆయన మొదటివాడు. ఆఖరివాడు మాత్రం కాదు.

గూడవల్లి రామబ్రహ్మం విషయంలో కబుర్ల తీరు మరికాస్త మారింది. ఆయన సినిమాల్లోకి రాకముందు ‘ప్రజామిత్ర’ సంపాదకుడు. 1938లో ‘మాలపిల్ల’, మరుసటేడు ‘రైతుబిడ్డ’ తీశాడు. అంటరానితనం మీద ఒకటి, జమీందారీ దాష్టీకం మీద ఒకటి. రెండో సినిమా జమీందార్లకు కంటగింపై నిషేధం దాకా వెళ్లింది. ఆ సినిమాలను నిర్మించిన సారథి సంస్థ వెనక ఉన్నది చల్లపల్లి జమీందారు. అంటే ఆ బొమ్మ మాట్లాడుతున్నది పెట్టుబడి పెట్టినవాడి మాట కాదని చూసినవాడికి వెంటనే తెలిసిపోయేది. మరి ఎవరి మాట? సంపాదకీయం వెనక సంపాదకుడున్నట్టే సినిమా వెనకా ఒక మనిషున్నాడన్న ఊహ అలా బలపడింది. బి.ఎన్. రెడ్డి ‘వందేమాతరం’, ‘సుమంగళి’, ‘దేవత’ వరసగా వచ్చేసరికి ఆ ఊహ స్థిరపడింది. ఆయనకు 1974లో దక్షిణాదిన మొట్టమొదటి ఫాల్కే పురస్కారం వచ్చిందంటే ఢిల్లీ కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. ‘మల్లీశ్వరి’ తీసిన మనిషి గురించి తెలుగువాళ్లు అప్పటికి పాతికేళ్లుగా చెప్పుకుంటున్నదాన్నే ఆలస్యంగా ఒప్పుకుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ఆ కాలంలో జనం చెప్పుకున్నది దర్శకుణ్ణి కాదు, సంస్థను కదా అని. నిజమే, ‘వాహినీ వారి సినిమా’, ‘విజయా వారి సినిమా’, ‘అన్నపూర్ణా వారి సినిమా’ అనే అనేవారు. గోడ మీద పోస్టరు చూసి టికెట్టుకు డబ్బులు లెక్కపెట్టుకునేటప్పుడు ఆ సంస్థ గుర్తే భరోసా. కాని హాల్లోంచి బయటికొచ్చాక ఆ భరోసా ఒక్కటే సరిపోలేదు. విజయా సంస్థలో రామారావు హీరోగా 1951లో ‘పాతాళభైరవి’ వచ్చింది, కె.వి. రెడ్డి దర్శకుడు. అదే సంస్థలో, అదే హీరోతో, అలాంటి జానపదమే ఎంతో ఖర్చుపెట్టి 1954లో ‘చంద్రహారం’ తీశారు. దర్శకుడు మన కామేశ్వరరావు గారే. అదే ఆయన తొలి సినిమా. అది నిలవలేదు. 1957లో అదే జెండా కింద మళ్లీ కె.వి. రెడ్డి ‘మాయాబజార్’ తెచ్చాడు. దానికి ఏమైందో చెప్పనక్కరలేదు. జెండా మారలేదు, హీరో మారలేదు, స్టూడియో మారలేదు. మారింది ఏమిటో చిన్నపిల్లాడైనా చెబుతాడు. డబ్బు పెట్టేవాళ్లకు ఇది ఇంకా ముందే తెలుసు. అన్నపూర్ణా పిక్చర్స్ 1951లో పెట్టిన సంస్థ. దాని మొదటి సినిమా ‘దొంగరాముడు’ వచ్చింది 1955లో. కె.వి. రెడ్డి ఖాళీ అయ్యేదాకా దుక్కిపాటి మధుసూదనరావు ఆగడమే ఆ జాప్యానికి కారణం. చేతిలో నాగేశ్వరరావు అంతటి హీరో ఉండీ ఆగారు.

కె.వి. రెడ్డి గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. అభిమానుల కబుర్లకు ఆయన పనిలో దొరికినంత సరుకు మరెవరి పనిలోనూ దొరకలేదు. డబ్బు లెక్కలు చూసే ఉద్యోగంతో మొదలైన మనిషి. లెక్క ఆయన్ని వదల్లేదు. చిత్రీకరణకు ముందే రిహార్సళ్లలో స్టాప్‌వాచీ పట్టుకుని ఒక్కో సన్నివేశం ఎన్ని నిమిషాలో కొలుచుకునేవాడు. తీశాక కత్తిరించి పారేయడం ఆయనకు దుబారా. ఈ సంగతి ఆయన దగ్గర పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు లాంటివాళ్లు చెప్పగా లోకానికి తెలిసింది. దాని ఫలితాన్ని మాత్రం ప్రేక్షకుడు పేరు తెలియకుండానే అనుభవించాడు. ‘మాయాబజార్’ పాండవుల ఇంటి పెళ్లి కథ. అందులో ధర్మరాజు కనబడడు, భీముడు కనబడడు, అర్జునుడూ కనబడడు. సినిమా అంతా చూశాక, ఎన్నోసారో చూస్తూ ఎవరో ఒకరు ‘అవునూ, పాండవులేరీ?’ అంటారు. ఆ ప్రశ్న పుట్టిన క్షణం నుంచి ఆ కబురు రామారావు గురించీ కాదు, రంగారావు గురించీ కాదు. లేనివాళ్లను లేనట్టు తెలియనివ్వకుండా మూడు గంటలు కథ నడిపినవాడి గురించి. ఏ పాఠ్యపుస్తకమూ చెప్పని స్క్రీన్‌ప్లే పాఠం ఇది. తరతరాల తెలుగువాళ్లు ఇంటి అరుగుల మీదా హాస్టలు గదుల్లోనూ ఒకరికొకరు చెప్పుకుంటూ వస్తున్నారు.

ఆ కబుర్లకు ఆధారంగా చేతిలో ఉన్న కాగితం పాటల పుస్తకం. హాలు గుమ్మం దగ్గర కొద్దిపాటి డబ్బులకు అమ్మేవారు. నాలుగైదు పలచటి కాగితాలు, రంగు అట్ట, లోపల పాటలు. ముందు కథను కొంతదూరం నడిపించి, సరిగ్గా మంచి పట్టులో ఆపేసి, మిగతాది వెండితెర మీద చూడమనేవారు. దాంట్లోనే తారాగణంతో పాటు పనివాళ్ల పేర్లూ ఉండేవి: మాటలు, పాటలు, ఛాయాగ్రహణం, కళ, దర్శకత్వం. సినిమా వెళ్లిపోయినా ఆ పుస్తకం ఇంట్లో ఉండేది. పాట నేర్చుకోవడానికి తిరగేసిన ప్రతిసారీ ఆ పేర్లు కంటబడేవి. పింగళి నాగేంద్రరావు, మార్కస్ బార్ట్లే, గోఖలే, కళాధర్ అన్న పేర్లు సినిమా రంగంతో సంబంధం లేని ఇళ్లలో కూడా పరిచయమైన పేర్లయ్యాయి. సినిమా అంటే పదిమంది పని కదా, ఒక్క దర్శకుణ్ణే పట్టుకుని పొగడడం మిగతావాళ్లకు అన్యాయం కాదా అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. తెలుగు అభిమాని దర్శకుణ్ణి ఒంటరిగా చెప్పుకున్నది తక్కువ. బాపు అని ఊరుకోడు, బాపు-రమణ అంటాడు. విశ్వనాథ్ పేరెత్తితే మహదేవన్, వేటూరి వెంటనే వస్తారు. ఇంకో పద్ధతి కూడా ఉంది, అది శిష్యరికం. ఆదుర్తి సుబ్బారావు దగ్గర విశ్వనాథ్, కె.వి. రెడ్డి దగ్గర సింగీతం, దాసరి దగ్గర కోడి రామకృష్ణ, జంధ్యాల దగ్గర ఇ.వి.వి., రాంగోపాల్ వర్మ దగ్గర కృష్ణవంశీ, రాఘవేంద్రరావు దగ్గర రాజమౌళి. ఈ వంశవృక్షాన్ని వేళ్ల మీద లెక్కపెట్టగల అభిమానులు ఊరికి నలుగురైనా ఉంటారు. సంగీతంలో ఫలానావారి బాణీ అన్నట్టే ఫలానావారి ‘మార్కు’ అనడం, ఆ మార్కు శిష్యుడిలో ఎంత దిగిందో వెతకడం మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఎక్కణ్ణుంచో తెచ్చుకున్న సిద్ధాంతం కాదిది, మన విద్యలన్నింటినీ మనం చెప్పుకునే తీరే.

పత్రికలు ఈ కబుర్లను అచ్చులోకి తెచ్చాయి. ముళ్లపూడి వెంకటరమణ 1950లలో ఆంధ్రపత్రికలో సినిమా పేజీలు రాశాడు. ఆ సమీక్షలకు భయపడ్డవాళ్లూ ఉన్నారు, వాటికోసమే పత్రిక కొన్నవాళ్లూ ఉన్నారు. ఆ విలేకరి తరువాత ‘రక్తసంబంధం’కు మాటలు రాసి, స్నేహితుడు బాపుతో కలిసి 1967లో ‘సాక్షి’ తీశాడు. స్టూడియో సెట్లు వదిలి గోదావరి పక్కన పులిదిండికి కెమెరా మోసుకెళ్లిన సినిమా అది. కామేశ్వరరావు నడిచిన దారే మళ్లీ: చూడడం, చెప్పడం, వాదించడం, ఆ తరువాత తీయడం. ‘విజయచిత్ర’ 1966లో, ‘సితార’ 1976లో వచ్చి ఆ చర్చను ప్రతి పల్లెకూ చేర్చాయి. పోస్టుకార్డు మీద ప్రశ్న రాసి పంపితే, పేరూ ఊరూ వేసి జవాబిచ్చే శీర్షికలుండేవి. దర్శకుల గురించి పెద్దవాళ్లు చెప్పింది వినడమే కాక, తానూ ఒక ప్రశ్న అడగవచ్చునన్న ధైర్యం చిన్న ఊరి పాఠకుడికి ఆ కార్డు ఇచ్చింది.

అప్పుడు మబ్బు మీద పేరు వచ్చింది. పోస్టరులో హీరో బొమ్మకు పైన తెల్లటి మేఘం, దానిలో దాసరి నారాయణరావు పేరు. 1972లో ‘తాత మనవడు’తో మొదలుపెట్టి నూట యాభైకి పైగా సినిమాలు తీసిన మనిషి. హీరోలకు మాత్రమే ఉండే అభిమాన సంఘాలు ఆయనకూ వెలిశాయి. ఉదయం దినపత్రికా, శివరంజని సినిమా వారపత్రికా ఆయన నడిపినవే. అది ఆత్మస్తుతి అన్నవాళ్లు ఆనాడే ఉన్నారు, అందులో కొంత నిజం ఉంది కూడా. కాని మబ్బు బొమ్మ పోస్టరుకు డబ్బిచ్చింది నిర్మాత. ఆ పేరు చూసి టికెట్టు కొనే జనం లేకపోతే అంత చోటు ఎవరూ వదులుకోరు. ‘స్వర్గం నరకం’ను కొత్తవాళ్లతో తీసి నడిపించినప్పుడు ఆ మబ్బు బరువు తేలిపోయింది. హీరోనే అంతా అనేవాళ్లకు ఇంకా గట్టి సాక్ష్యాలు ఆ కాలంలోనే ఉన్నాయి. బాలచందర్ ‘మరో చరిత్ర’ 1978లో నలుపు తెలుపులో, సరిత అనే కొత్త అమ్మాయితో వచ్చింది. మద్రాసులో తమిళ ప్రేక్షకులు దాన్ని తెలుగులోనే ఏడాదికి పైగా చూశారు. 1980 ఫిబ్రవరి 2న విడుదలైన ‘శంకరాభరణం’లో హీరో అంటూ లేడు. ఉన్నది జె.వి. సోమయాజులు అనే ప్రభుత్వోద్యోగి. మొదట్లో పలచగా ఉన్న హాళ్లు ఆ తరువాత నిండింది కేవలం ఒకరు చెబితే ఒకరు వెళ్లడం వల్ల. మన వ్యాపారస్తులు దీన్ని ‘టాక్’ అంటారు. హిట్ టాక్, డివైడ్ టాక్, మౌత్ టాక్. సినిమా బతుకు చావులను తేల్చే శక్తికి తెలుగు పరిశ్రమ ఎంచుకున్న పేరు ‘మాట’ అన్న అర్థమున్న మాట. ప్రేక్షకుల కబుర్ల విలువకు ఇంతకంటే పెద్ద ఒప్పుకోలు నాకు కనబడలేదు.

1989లో 1936 నాటి పరీక్షే మళ్లీ జరిగింది. ఈసారి ఒకటిగా ఉన్నది కథ కాదు, హీరో. నాగార్జునతో మే నెలలో మణిరత్నం ‘గీతాంజలి’, అక్టోబరులో రాంగోపాల్ వర్మ ‘శివ’. ఐదు నెలల తేడాలో అదే ముఖం, అదే గొంతు. ఒకదానిలో పొగమంచులో కరిగిపోయే మనిషి, ఇంకోదానిలో సైకిల్ పక్కన వంగి చెయిన్ ఊడదీసి నిలబడే మనిషి. ఆ చెయిన్ లాగే క్షణంలో మాట లేదు, పద్యం లేదు. ఇనుము చప్పుడు ఉంది, దానికి ముందు నిశ్శబ్దం ఉంది. సినిమా విని వచ్చిన కాలేజీ కుర్రాళ్లు మొదటిసారి శబ్దం గురించి, కదిలే కెమెరా గురించి మాట్లాడుకున్నారు. ఇరవై ఏడేళ్ల ఆ దర్శకుడు విజయవాడలో ఇంజనీరింగు చదివి, అమీర్‌పేటలో వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే షాపు నడిపినవాడు. క్యాసెట్టు రాకతో ఒక పెద్ద మార్పు వచ్చింది. అంతకుముందు సినిమా గురించి వాదించాలంటే జ్ఞాపకమే ఆధారం, లేదా మళ్లీ టికెట్టు కొనాలి. వీసీఆర్ ఉన్న ఇంట్లో వెనక్కి తిప్పి అదే షాట్ పదిసార్లు చూడవచ్చు. బందరు పత్రికాఫీసూ, మద్రాసు వారపత్రికా చేసిన పనిని ఇప్పుడు అద్దె క్యాసెట్ల షాపు చేసింది.

ఈ కబుర్లలో లోపాలు లేవని నేననను. అన్నిటికన్నా పెద్ద లోపం ఎవరిని లెక్కలోకి తీసుకోలేదన్నది. విజయనిర్మల 1973లో మొదలుపెట్టి 44 సినిమాలు తీసి గిన్నిస్ పుస్తకంలోకెక్కారు. భానుమతి 1953లోనే ‘చండీరాణి’ని మూడు భాషల్లో తీశారు. సావిత్రి ‘చిన్నారి పాపలు’ తీశారు. అభిమాన దర్శకులెవరంటే చెప్పే పది పేర్లలో ఈ ముగ్గురిలో ఒక్కరు కూడా రావడం అరుదు. వాళ్లను నటీమణులుగానే గుర్తుపెట్టుకున్నాం. ‘మాయాబజార్’లో లేని పాండవులను కనిపెట్టిన చూపు ఇక్కడ ఎందుకు పనిచేయలేదంటే, టీ కొట్టు దగ్గరా హాలు బయటా గంటలకొద్దీ నిలబడి వాదించే వీలు మగవాళ్లకే ఉండింది కాబట్టి. ఆడవాళ్లు మ్యాట్నీ చూసి ఇంటికెళ్లి చెప్పుకున్న మాటలు ఏ శీర్షికలోకీ పెద్దగా ఎక్కలేదు. తెలంగాణ జీవితాన్ని ‘రంగుల కల’లో, ‘దాసి’లో చూపించిన బి. నర్సింగరావుకూ ఆ పదిలో చోటు తక్కువే. ఆయన గురించి మాట్లాడినవాళ్లు ఫిల్మ్ సొసైటీల్లో ఉన్నారు. ఆ మాట హాలు గుమ్మం దాకా రాలేదు, ఎందుకంటే సినిమానే ఆ గుమ్మం దాకా సరిగ్గా రాలేదు.

ఇంకో ఆక్షేపణ: గెలిచిన దర్శకుణ్ణే పొగుడుతారు, ఓడితే వదిలేస్తారు అని. విడుదలైన వారం చూస్తే అది నిజం. పదేళ్లు చూస్తే కాదు. ఆదుర్తి, నాగేశ్వరరావు కలిసి 1967లో తీసిన ‘సుడిగుండాలు’ డబ్బు తేలేదు, మాటల్లోంచి పోనూ లేదు. కృష్ణవంశీ ‘సిందూరం’ 1997లో నష్టపోయింది. అయినా ఆయన పేరు చెప్పగానే హిట్టయిన ‘నిన్నే పెళ్లాడతా’ కన్నా దానినే ముందు చెప్పేవాళ్లున్నారు. త్రివిక్రమ్ ‘ఖలేజా’ 2010లో పోయింది. టీవీలో చూసీ చూసీ, ఒక్కో మాటా విప్పి చెప్పుకునీ జనం దాన్ని నిలబెట్టారు. 2025లో మళ్లీ హాళ్లలోకి తెచ్చుకున్నారు. ఇప్పుడు అమెరికాలో ముందురోజు వేసే ప్రీమియర్ల టాక్ ఇక్కడ తెల్లవారుజాము ఆటకన్నా ముందే వచ్చేస్తోంది. దానివల్ల తీర్పు తొందరైపోయిందన్న బాధ నాకూ ఉంది. కాని పై మూడు సినిమాల సంగతి చూస్తే, మొదటి తీర్పు మీద అప్పీలు వినే అలవాటు మనవాళ్లకు పోలేదనే అనిపిస్తుంది.

‘మాయాబజార్’కు రంగులద్ది 2010 జనవరిలో మళ్లీ విడుదల చేసినప్పుడు జరిగిన వాదన గుర్తుచేసుకోండి. పడవ మీద వెన్నెల పాట. మార్కస్ బార్ట్లే ఆ వెన్నెలను నలుపు తెలుపుల్లోనే పుట్టించాడు. నీటి మీద వెలుగు ఎంత ఉండాలో, ముఖాల మీద ఎంత పడాలో ఆ రెండింటితోనే లెక్క కట్టాడు. కొత్త పిల్లలు చూస్తారు కాబట్టి రంగు వేయడం మంచిదే అన్నారు కొందరు. కె.వి. రెడ్డి ఒప్పుకునేవాడా అని అడిగారు ఇంకొందరు. ఆ దర్శకుడు పోయి అప్పటికి ముప్పై ఏడేళ్లు. వాదిస్తున్నవాళ్లలో చాలామంది ఆయన బతికుండగా పుట్టనైనా లేదు.